వీసా అక్కర్లేని స్వాల్‌బార్డ్‌కి కుటుంబంతో వెళ్ళి స్థిరపడవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తాను, చదివే మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. మీరు హైదరాబాద్‌లో ఒక హోటల్ కిచెన్‌లో పనిచేస్తున్నారు. మీ భార్య నర్సు. మూడేళ్ళ పాప ఉంది. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో నార్వే కింద ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకు భారతీయులకు వీసా అక్కర్లేదని వీడియోల్లో చూశారు. చేతిలో ఉన్న ఎనిమిది లక్షలతో ముగ్గురూ వెళ్ళి, అక్కడే పని వెతుక్కుని, కొన్నేళ్ళకు నార్వే పౌరసత్వం తీసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. ఒక ఏజెంట్ మనిషికి రెండు లక్షలు అడుగుతున్నాడని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. స్వాల్‌బార్డ్‌లో ఉండడానికీ పనిచేయడానికీ వీసా, పర్మిట్ అక్కర్లేదన్నది నిజమే. కానీ అక్కడ ఎన్నేళ్ళు ఉన్నా నార్వే పౌరసత్వం వైపు ఒక్క రోజు కూడా లెక్కకు రాదు. ఉద్యోగం, ఇల్లు రెండూ చేతికి రాకుండా విమానం ఎక్కకండి. పాపను తీసుకుని మొదటి విడతలోనే అసలు వెళ్ళకండి. ఏజెంట్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

నేను లాంగ్‌యర్‌బీన్‌లోనే ఉంటున్నాను. స్వాల్‌బార్డ్‌లో పెద్ద ఊరు అదే, జనాభా సుమారు రెండున్నర వేలు. ఒక హోటల్ కిచెన్‌లో చేరాను, ఇప్పుడు కిచెన్‌కీ హౌస్‌కీపింగ్‌కీ మనుషుల్ని తీసుకోవడం నా బాధ్యత. అందుకే ఇండియా నుంచి వచ్చే ఉత్తరాలు, రెజ్యూమేలు నా దగ్గరికే వస్తాయి. ఈ మధ్య చాలా ఎక్కువయ్యాయి, ఎక్కువమంది మీలాగే ఆ వీడియోలు చూసి రాస్తున్నవాళ్ళు. వాళ్ళందరికీ విడివిడిగా రాసే జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ వీసా సంగతి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1920లో పారిస్‌లో స్వాల్‌బార్డ్ ఒప్పందం కుదిరింది. దీవుల మీద సార్వభౌమాధికారం నార్వేది, కానీ ఒప్పందంలో ఉన్న దేశాల పౌరులకు అక్కడికి రావడానికీ, వ్యాపారం, గనుల పని చేసుకోవడానికీ సమాన హక్కు. అప్పుడు బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగంగా మన దేశం కూడా అందులో చేరింది. 1925లో ఒప్పందం అమల్లోకి వచ్చింది. నార్వే వలస చట్టం స్వాల్‌బార్డ్‌కి వర్తించదు కాబట్టి, ఒప్పందంలో లేని దేశాలవాళ్ళు కూడా వీసా లేకుండానే ఉండవచ్చు. ఇంతవరకూ వీడియోల్లో చెప్పేది సరైనదే.

వాళ్ళు చెప్పనిది దారి గురించి. స్వాల్‌బార్డ్‌కి మామూలు విమానాలు నార్వే నగరాలైన ఓస్లో, ట్రోమ్సో నుంచే వస్తాయి. ఆ రెండూ షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల ప్రాంతంలో ఉన్నాయి, స్వాల్‌బార్డ్ షెంజెన్ బయట ఉంది. కాబట్టి మన పాస్‌పోర్ట్‌తో నార్వేలో అడుగు పెట్టడానికి షెంజెన్ వీసా కావాలి. స్వాల్‌బార్డ్ విమానం ఎక్కినప్పుడు మీరు షెంజెన్ నుంచి బయటికి వెళ్ళినట్టు లెక్క, తిరిగి రావాలంటే మళ్ళీ లోపలికి వచ్చినట్టు. అందుకే కనీసం రెండు ప్రవేశాలున్న వీసా తీసుకోవాలి. ఒక్క ప్రవేశం వీసాతో వచ్చినవాళ్ళకు తిరుగు ప్రయాణం పెద్ద టెన్షన్ అవుతుంది. ఆ వీసా గడువు అయిపోయాక ఇక్కడ ఉండడం తప్పేమీ కాదు, కానీ ఇంటికి వెళ్ళాలన్నా, ట్రోమ్సోలో డాక్టర్‌కి చూపించుకోవాలన్నా మళ్ళీ వీసాకు అప్లై చేయాల్సిందే. చుట్టూ సముద్రం, బయటికి దారి నార్వే మీదుగానే. అమ్మకో నాన్నకో బాగాలేదని ఫోన్ వచ్చిన రోజు ఈ విషయం ఎంత బరువుగా ఉంటుందో ముందే ఆలోచించుకోండి. మా సిబ్బందిలో ఇండియా, నేపాల్, ఫిలిప్పీన్స్ వాళ్ళందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే: చెల్లుబాటయ్యే వీసా ఎప్పుడూ పాస్‌పోర్ట్‌లో ఉండేలా చూసుకోండి.

ఆ వీసా ఇచ్చేటప్పుడు అధికారులు అక్కడ ఏం పని, ఎక్కడ ఉంటారు, డబ్బు ఎంత ఉంది అని అడుగుతారు. ఉద్యోగ ఒప్పందం, వసతి ఉందన్న కాగితం లేకుండా 'వెళ్ళి వెతుక్కుంటాను' అంటే తిరస్కరణ వచ్చే అవకాశమే ఎక్కువ. ఆ తిరస్కరణ తర్వాత మరే షెంజెన్ దేశానికి అప్లై చేసినా కనిపిస్తుంది. ఇప్పటికే జర్మనీలోనో పోలండ్‌లోనో చదువుతూ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న మనవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు, దాని మీదే రావచ్చు, పోవచ్చు. నేను పనిలోకి తీసుకున్న తెలుగువాళ్ళు ఎక్కువగా అలా వచ్చినవాళ్ళే.

ఇక ఇక్కడికి వచ్చాక. గవర్నర్ కార్యాలయం ఉంటుంది, సిసెల్‌మెస్టర్ అంటారు. పోలీసు అధికారం కూడా వాళ్ళదే. తనను తాను పోషించుకోలేని మనిషిని స్వాల్‌బార్డ్ నుంచి పంపించే అధికారం వాళ్ళకు చట్టప్రకారం ఉంది. నిరుద్యోగ భృతి లేదు, వృద్ధాశ్రమం లేదు, నార్వే ప్రధాన భూభాగంలో దొరికే సాంఘిక సంక్షేమం ఏదీ ఇక్కడ ఆశించకూడదు. నార్వే పౌరుడికైనా ఇబ్బంది వస్తే ప్రధాన భూభాగంలోని తన మున్సిపాలిటీయే చూసుకోవాలి. మనకు అలాంటి మున్సిపాలిటీ లేదు. అంటే పని పోయిన రోజు మన వెనక ఎవరూ ఉండరు.

ఇల్లు ఉద్యోగం కంటే కష్టం. దీని గురించి వీడియోల్లో ఎవరూ మాట్లాడరు, కానీ మనుషుల్ని వెనక్కి పంపించేది ఎక్కువగా ఇదే. లాంగ్‌యర్‌బీన్‌లో చాలా ఇళ్ళు కంపెనీలవి, ప్రభుత్వ సంస్థలవి. ఉద్యోగంతో పాటు గది ఇస్తారు, ఉద్యోగం పోతే గది ఖాళీ చేయాలి. 2015 డిసెంబర్‌లో ఊరి మీద మంచు చరియ విరిగిపడి ఇద్దరు చనిపోయారు, 2017లో మరొకటి పడింది. ఆ తర్వాత కొండ కింద ప్రమాదకరమైన చోట ఉన్న ఇళ్ళను వందకు పైగా తీసేశారు. నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది, పై పొర కరిగితే పునాదులు కదులుతాయి కాబట్టి ఇళ్ళు స్తంభాల మీద కడతారు. కొత్త ఇళ్ళు నెమ్మదిగానూ, చాలా ఖర్చుతోనూ వస్తాయి. ప్రైవేటుగా అద్దెకు దొరికేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, దొరికినా మీరు అనుకున్న ధరలో ఉండవు.

ఒక ఉదాహరణ చెప్తాను. వసంతం సీజన్‌లో ఉత్తర భారతం నుంచి ఒక కుర్రాడు ముందు చెప్పకుండానే వచ్చేశాడు. మంచి వంటవాడు, పని మీద శ్రద్ధ ఉంది. మా దగ్గర అప్పుడు ఖాళీ ఉంది కూడా. కానీ సిబ్బంది గదులన్నీ నిండిపోయాయి, బయట ఎక్కడా దొరకలేదు. గెస్ట్‌హౌస్‌లో రోజుకింత కడుతూ ఉంటే తెచ్చుకున్న డబ్బు కరిగిపోయింది. గది దొరికే లోపే తిరిగి వెళ్ళిపోయాడు. అదే కుర్రాడు ఇంటి నుంచే మెయిల్ పెట్టి, తర్వాతి సీజన్‌కి ఒప్పందమూ గదీ ఖాయం చేసుకుని వచ్చి ఉంటే ఇవాళ ఇక్కడే ఉండేవాడు. మీ ఎనిమిది లక్షలు ముగ్గురికి గెస్ట్‌హౌస్‌లో ఎన్ని వారాలు వస్తాయో ఆ గదుల ధరలు చూసి లెక్క వేసుకోండి.

పౌరసత్వం ఎందుకు రాదు? పైన చెప్పిన కారణమే. నార్వే వలస చట్టం స్వాల్‌బార్డ్‌కి వర్తించదు. రావడానికి పర్మిట్ అడగనిది అందుకే, ఉన్న కాలానికి పర్మిట్ రానిదీ అందుకే. ప్రధాన భూభాగంలో శాశ్వత నివాసానికి గానీ పౌరసత్వానికి గానీ కావలసినది అక్కడి చట్టం కింద గడిపిన కాలం. మాతో పనిచేసే ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ చాలా ఏళ్ళుగా ఇక్కడ ఉంది, నార్వేజియన్ చక్కగా మాట్లాడుతుంది. ట్రోమ్సోకి మారాలనుకున్నప్పుడు నిన్న మొన్న వచ్చినవాళ్ళలాగే మొదటి నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇక్కడ పుట్టినంత మాత్రాన పిల్లలకూ నార్వే పౌరసత్వం రాదు. 2022లో ఇంకో మార్పు చేశారు: ప్రధాన భూభాగంలో కనీసం మూడేళ్ళు నివసించని విదేశీయులకు లాంగ్‌యర్‌బీన్ స్థానిక ఎన్నికల్లో ఓటు తీసేశారు. ఊళ్ళో మూడో వంతుకు పైగా విదేశీయులే ఉన్నారు, ఆ మార్పు మాలో చాలామందిని బాధపెట్టింది. ఊరి దుకాణాలు, హోటళ్ళు, బడి వంటగది అన్నీ థాయ్, ఫిలిప్పీన్స్, తూర్పు యూరప్ చేతుల మీద నడుస్తాయి. వాళ్ళకు ఊరి విషయంలో మాట చెల్లకపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇన్ని చెప్పాక ఎవరు రావచ్చు అని అడుగుతారు. ఒంటరిగా లేదా భార్యాభర్తలిద్దరూ పనిచేసేలా, రెండు మూడేళ్ళు కష్టపడి డబ్బు దాచుకుని వెళ్ళాలనుకునేవాళ్ళకు ఇది మంచి చోటే. ఇక్కడ జీతం మీద ఆదాయపు పన్ను 8 శాతం, దానికి తోడు జాతీయ బీమా చందా దాదాపు అంతే. ప్రధాన భూభాగంతో పోలిస్తే చేతికి వచ్చేది ఎక్కువ. వ్యాట్ లేదు. కానీ పాలు, కూరలు, గుడ్లు అన్నీ ఓడలోనో విమానంలోనో రావాలి, కాబట్టి తిండి ఖర్చు ఎక్కువే. నార్వేలో చట్టప్రకారం అందరికీ ఒకే కనీస వేతనం అంటూ లేదు, అందుకే ఒప్పందంలో గంటకు ఎంత, వారానికి ఎన్ని గంటలు, గది అద్దె ఎంత కోస్తారు, ఓవర్‌టైమ్ ఎలా కడతారు అన్నవి రాతలో ఉండాలి. నోటి మాట మీద రావద్దు. మీకు ఎవరైనా ఒప్పందం పంపితే ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే అడిగి రాయించుకోండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు, నిజానికి మాకు అలా అడిగేవాళ్ళే ఇష్టం.

పనులు ఎక్కువగా టూరిజంలో ఉంటాయి: కిచెన్, హౌస్‌కీపింగ్, రిసెప్షన్, గైడ్లు. బొగ్గు ఒకప్పుడు ఊరికి ప్రాణం, కానీ నార్వే చివరి బొగ్గు గని అయిన ఏడో నంబర్ గని 2025లో మూతపడింది. పవర్ ప్లాంట్ 2023లోనే బొగ్గు మానేసి డీజిల్‌కి మారింది. సీజన్లు రెండు: ఫిబ్రవరి చివరి నుంచి మే వరకు మంచు మీద స్నోమొబైల్ సీజన్, తర్వాత వేసవిలో ఓడల సీజన్. మీ లాంటి కిచెన్ అనుభవం ఉన్నవాళ్ళు వేసవి అయ్యాక, శరదృతువులో హోటళ్ళకు నేరుగా రాస్తే తర్వాతి వసంతానికి పిలుపు రావచ్చు. రెజ్యూమే ఒక పేజీ చాలు. ఏ సెక్షన్‌లో చేశారు, రోజుకు ఎంతమందికి వండారు, ఆహార భద్రత సర్టిఫికెట్ ఉందా, ఇంగ్లీషు ఎలా మాట్లాడతారు, ఇవి ఉండాలి. ఊరి వార్తాపత్రిక స్వాల్‌బార్డ్‌పోస్టెన్‌లో కూడా ఉద్యోగ ప్రకటనలు వస్తాయి. ఏ ఏజెంట్‌కీ ఇక్కడ ప్రత్యేకమైన దారి లేదు. మేము ఏజెంట్ల ద్వారా ఎవరినీ తీసుకోము. 'స్వాల్‌బార్డ్ వర్క్ పర్మిట్' అని కాగితం చూపిస్తే అది మోసమే, ఎందుకంటే అలాంటి పర్మిటే లేదు.

కొందరు హిమాద్రి గురించి అడుగుతారు. నీ-ఓలెసుండ్‌లో 2008 నుంచి ఉన్న మన దేశపు పరిశోధన కేంద్రం అది, గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. శాస్త్రవేత్తలను అక్కడి నుంచే ఎంపిక చేసి పంపుతారు. నీ-ఓలెసుండ్ పరిశోధకుల ఊరు, అక్కడికి వెళ్ళి స్థిరపడడం అన్నది లేదు.

వచ్చాక ఎదురయ్యే చిన్న విషయాల్లో పెద్దది బ్యాంకు. ఖాతా తెరవడానికి గుర్తింపు సంఖ్య కావాలి, విదేశీయులకు డి నంబర్ ఇస్తారు. అది వచ్చి ఖాతా తెరుచుకునే సరికి చాలా వారాలు పట్టవచ్చు. మొదటి జీతం ఎలా ఇస్తారో యజమానిని ముందే అడగండి, ఆ లోపు ఖర్చులకు కార్డులో డబ్బు ఉంచుకోండి. ఇంటర్నెట్ గురించి దిగులు లేదు, 2004 నుంచి సముద్రం అడుగున ఫైబర్ కేబుల్ ఉంది, అమ్మానాన్నలతో వీడియో కాల్ హైదరాబాద్ నుంచి చేసినంత బాగుంటుంది.

వైద్యం గురించి మీ భార్య తప్పక అడుగుతారు. ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఉంది, ట్రోమ్సోలోని యూనివర్సిటీ ఆసుపత్రికి అనుబంధం. పెద్ద జబ్బు చేస్తే విమాన అంబులెన్స్‌లో ట్రోమ్సోకి తీసుకెళ్తారు. ఉద్యోగం ద్వారా జాతీయ బీమాలో ఉంటే ఖర్చు అది చూసుకుంటుంది, లేకపోతే మీ మీదే పడుతుంది, అది మామూలు కుటుంబం భరించగలిగేది కాదు. కాన్పులు ఇక్కడ చేయరు. గర్భిణులు తేదీకి మూడు వారాల ముందే ప్రధాన భూభాగానికి వెళ్ళాలి. మనలాంటివాళ్ళు దానికీ షెంజెన్ వీసా చూసుకోవాలి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. పాప విషయంలో, బడి మంచిదే, కానీ చదువు నార్వేజియన్‌లో. ఇద్దరూ షిఫ్టుల్లో పనిచేస్తుంటే శిశు కేంద్రంలో చోటు దొరికే వరకు పాపను చూసుకునేవాళ్ళు ఉండరు.

చలి గురించి అందరూ అడుగుతారు, నిజానికి చలికి బట్టలున్నాయి. కష్టమైంది చీకటి. అక్టోబర్ చివర్లో సూర్యుడు దిగిపోతాడు, ఫిబ్రవరి మధ్యకు గానీ తిరిగి పైకి రాడు. నవంబర్ మధ్య నుంచి జనవరి చివరి వరకు మధ్యాహ్నం కూడా అర్ధరాత్రిలాగే ఉంటుంది. చుట్టూ కొండలు ఉండడం వల్ల ఊళ్ళోకి ఎండ పడేది మార్చి 8న. ఆ రోజు పిల్లా పెద్దా అందరూ పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరి సూర్యుణ్ణి పిలుస్తారు, ఆ వారమంతా పండగ. నాకు ఇక్కడ బాగా నచ్చిన రోజు అదే. చీకటి నెలల్లో నిద్ర గాడి తప్పుతుంది, మనసు కుంగుతుంది. వంటగదిలో నవ్వుతూ ఉండేవాళ్ళు డిసెంబర్‌లో మాట్లాడడం మానేయడం చూశాను. విటమిన్ డి వేసుకోండి, రోజూ ఒకే సమయానికి లేవండి, సెలవు రోజున కూడా గదిలో ఒంటరిగా ఉండకండి. వేసవిలో దీనికి తలకిందులు: ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు 20 దాటే వరకు సూర్యుడు అస్తమించడు, అప్పుడు మందపాటి కర్టెన్లు కావాలి.

ఊరి హద్దు దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయం నిజమైనది. వాటిని బెదరగొట్టే సాధనం లేకుండా ఊరి బయటికి వెళ్ళకూడదు, తుపాకీ తెలిసినవాళ్ళతోనే వెళ్ళాలి. 2020 ఆగస్టులో విమానాశ్రయం దగ్గరి క్యాంపింగ్ స్థలంలోనే ఒక మనిషిని ఎలుగుబంటి చంపింది. మన కుర్రాళ్ళు ఫోటోల కోసం సాయంత్రం అలా నడిచి వెళ్తామంటారు, అది మాత్రం వద్దు.

తిండికి బియ్యం, ఎర్ర కందిపప్పు, టమాటా, ఉల్లిపాయ ఊరి సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి. చింతపండు, కారం, ఇంగువ, ఆవాలు ఇంటి నుంచి తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. యూరప్ బయటి నుంచి పాల ఉత్పత్తులు, మాంసం నార్వేలోకి తేకూడదు, కస్టమ్స్‌లో తీసేస్తారు. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పే అలవాటు ఇక్కడా ఉంది, హోటళ్ళలో, మ్యూజియంలో కూడా. గని కార్మికుల బొగ్గు బూట్ల కాలం నుంచి వచ్చిన ఆచారం. కొత్తగా వచ్చినవాళ్ళకు అది చూసి ఇల్లు గుర్తొస్తుంది.

మీరు ఒక్కరే ఒక సీజన్‌కి ఒప్పందంతో వచ్చి చూడాలనుకుంటే, పైన చెప్పిన పద్ధతిలో ప్రయత్నించండి, మీ అనుభవానికి అవకాశం ఉంది. తిరుగు టికెట్ డబ్బు విడిగా పెట్టుకోండి, దాన్ని ముట్టుకోకండి.

కానీ మీ అసలు కోరిక పాపతో సహా ఒక చోట స్థిరపడడం అయితే, మీ ప్రశ్నలో మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయం నాకు ముఖ్యంగా కనిపించింది. మీ భార్య నర్సు. నార్వే ప్రధాన భూభాగంలో, ముఖ్యంగా ఉత్తరాన, నర్సుల కొరత ఉంది. ట్రోమ్సో కూడా ఆర్కిటిక్ వృత్తం లోపలే ఉంది, పెద్ద ఆసుపత్రి ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. మీరు ఊహించుకున్న మంచు, ఉత్తర కాంతులు అన్నీ అక్కడా ఉన్నాయి. దారి పొడవైనదే: యూరప్ బయట చదివిన నర్సులు నార్వేజియన్ బాగా నేర్చుకుని భాషా పరీక్ష పాసవ్వాలి, వృత్తి పరీక్ష రాయాలి, మందుల నిర్వహణ మీదా అక్కడి ఆరోగ్య చట్టాల మీదా కోర్సులు చేయాలి, అప్పుడు నార్వే ఆరోగ్య డైరెక్టరేట్ లైసెన్స్ ఇస్తుంది. ఇదంతా కొన్నేళ్ళ పని. కానీ నైపుణ్య ఉద్యోగి పర్మిట్ మీద అక్కడ గడిపే కాలం శాశ్వత నివాసానికి లెక్కకు వస్తుంది, జీతం పరిమితి సరిపోతే మీకూ పాపకూ కుటుంబ పర్మిట్ వస్తుంది, దాని మీద మీరు ఏ కిచెన్‌లోనైనా పనిచేయవచ్చు. ఏజెంట్‌కి ఇద్దామనుకున్న డబ్బులో కొంత ఆవిడ నార్వేజియన్ క్లాసులకు పెట్టండి, హైదరాబాద్‌లో కూర్చునే ఆన్‌లైన్‌లో మొదలుపెట్టవచ్చు. ఆవిడ జీఎన్‌ఎమ్ చేశారా, బీఎస్సీ నర్సింగా, ఎన్నేళ్ళు ఏ వార్డులో పనిచేశారు అన్నది కింద రాయండి. ఏ కాగితాలు ముందుగా తెప్పించుకోవాలో ట్రోమ్సోలో ఈ దారిలోనే వెళ్ళిన ఒక నర్సును అడిగి చెప్తాను.